పట్టాల కింద చూడండి
పెరట్లో బుల్లి రైలు తిరుగుతుంటే అందరి చూపూ ఇంజిన్ మీదే. నా చూపు మాత్రం పట్టాల కింది కంకర మీద. 1968లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఎల్‌జీబీ అనే బొమ్మరైళ్ల బ్రాండ్ పెరటి రైళ్ల కోసం ఎంచుకున్న ఈ 45 మిల్లీమీటర్ల పట్టా, మీటర్ గేజ్‌ను దాదాపు 22.5 రెట్లు కుదించిన కొలత. రైలు కుదించవచ్చు, వానచినుకును కుదించలేం. గుండ్రటి గులకరాళ్లు పోస్తే వానకు దొర్లిపోతాయి; అంచులు తేలిన సన్న కంకర ఒకదాన్నొకటి కరుచుకుని పట్టాను కదలనివ్వదు. ఎండకు ఇత్తడి పట్టా సాగుతుంది కనుక అతుకుల దగ్గర సందు వదలాలి. పట్టా మీది చిలుము రుద్దకపోతే చక్రానికి కరెంటు సరిగా అందదు. అందుకే పిల్లలకు రైలు కొనిచ్చేవాళ్లు కంకర సర్దే పనీ వాళ్లకే అప్పగించాలంటాను. అసలు రైలును నడిపించేది, ఎర్రటి ఎండలో పట్టాల వెంట నడిచే ట్రాక్‌మన్ కూడానని వాళ్లకు చేతులతోనే తెలియాలి.