కలెక్టరు పాత్ర ఎవరికిస్తారు?

నడిగడ్డ బిడ్డలకు, వనపర్తి, నాగర్‌కర్నూల్ పిల్లలకు,

తమన్నా సింహాద్రి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 2019లో నాగార్జున నడిపిన బిగ్‌బాస్ మూడో సీజన్‌లోకి వైల్డ్‌కార్డ్‌గా వచ్చిన ట్రాన్స్‌జెండర్ నటి. ఇంట్లో గొడవలు పడింది, తొందరగానే బయటికొచ్చింది. మీరు ఫోన్లలో చూసింది ఆ గొడవల ముక్కలే అయ్యుంటాయి. అంతకు మూడు నెలల ముందు ఆమె ఏం చేసిందో చెబుతా వినండి. ఆ ఏడు ఏప్రిల్‌లో మంగళగిరి నుంచి స్వతంత్ర అభ్యర్థిగా అసెంబ్లీకి నిలబడింది. పోటీలో అప్పటి ముఖ్యమంత్రి కొడుకు, మంత్రి నారా లోకేశ్ ఉన్నారు. గెలిచింది ఆళ్ల రామకృష్ణారెడ్డి. ఆమె అంతటితో ఊరుకోలేదు. 2024లో పిఠాపురంలో భారత చైతన్య యువజన పార్టీ తరఫున పవన్ కల్యాణ్ మీద నిలబడింది.

పేరు కోసమేనని మీరనొచ్చు. అయితే ఏమాయె? పేరు అక్కర్లేదని నామినేషన్ వేసినవాణ్ని నేనింతవరకు చూడలేదు.

మన తెర తమన్నా లాంటివాళ్లను ఎక్కువగా నవ్వులాటకే పిలిచింది. జబర్దస్త్‌లో ఆడవేషాలు కట్టి నవ్వించిన కళాకారిణి 2021లో ప్రియాంక సింగ్‌గా బిగ్‌బాస్ అయిదో సీజన్‌కు వెళ్లి, చాలా వారాలు నిలిచింది. వారం వారం ఓట్లేసి ఉంచిన ప్రేక్షకుల్లో మీ వయసువాళ్లూ ఉంటారు. అందుకే మీతో మాట్లాడబుద్ధైంది.

ఇప్పుడు మన నేల సంగతి. 1919లో నిజాం ఏలుబడిలో ఒక చట్టం చేశారు. హిజ్రాలు ఆడబట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనపడినా, నలుగురి ముందు ఆడినా పాడినా వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. వాళ్ల పేర్లు రాసుకోవడానికి ఒక రిజిస్టరు. నిజాం పోయాడు. గద్వాల, అలంపూర్ 1956లో రాయచూరు జిల్లా నుంచి పాలమూరులో కలిశాయి. తెలంగాణ వచ్చింది, 2016లో మనకు మూడు కొత్త జిల్లాలొచ్చాయి. ఆ చట్టం మాత్రం పుస్తకంలో అట్లనే ఉంది. ట్రాన్స్‌జెండర్ ఉద్యమకారిణి వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు హైకోర్టుకెక్కితే, 2023 జూలైలో దాన్ని కొట్టేశారు. ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛను వర్తింపజేయాలని కూడా ఆ తీర్పులో ఉంది.

అంటే తమన్నా మంగళగిరిలో ఓట్లడిగిన ఏడు, ఆమె లాంటి నటి మన ఊరి బస్టాండు దగ్గర చీరకట్టి నాలుగు స్టెప్పులేస్తే నేరమనే చట్టం ఇక్కడ కోర్టులో నలుగుతోందే గానీ చావలేదు. నటించడమే నేరమైనచోట నటి రాజకీయాల్లోకి ఎందుకొచ్చిందని అడగడం దండగ.

ట్రాన్స్‌జెండర్ ఉద్యమకారిణి రచన ముద్రబోయిన, ఆమె తోటివాళ్లు 2017లో హైదరాబాద్‌లో ట్రాన్స్‌విజన్ అనే యూట్యూబ్ ఛానెల్ పెట్టారు. తెలుగు, కన్నడ, దక్కనీ ఉర్దూ: గద్వాల సంతలో చెవినపడే భాషలూ అవే. ఎవరో రాసిచ్చిన జోకు కాదు, తమ సంగతి తామే కెమెరా ముందు చెప్పుకున్నారు. అవి వెతికి చూడండి.

మరొకటి. 2024 డిసెంబరులో హైదరాబాద్ కూడళ్లలో 39 మంది ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా పెట్టారు. పెట్టించిన ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిది నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లే. మన మూడు పట్టణాల్లోనూ అట్లాంటి పనులు ఇవ్వమని అర్జీ పెట్టండి. పింఛను కాగితం పట్టుకుని ఎవరైనా మండలాఫీసుకు పోతుంటే, ఒంటరిగా పోనీయకండి.

ఇక మీ చేతిలోని పని. కాలేజీ వార్షికోత్సవానికి నాటిక వేస్తారు గదా. నవ్వించడానికి మగపిల్లవాడికి చీర చుట్టే సీను ఈసారి తీసేయండి. మీ మధ్య ట్రాన్స్‌జెండర్ బిడ్డ ఉండి, తనంతట తానే ముందుకొస్తే, కలెక్టరు పాత్ర ఇవ్వండి. డైలాగులు బాగా ఉండాలి సుమా. నాటిక ఏ రోజో కబురు పెట్టండి, మోకాళ్లు సహకరిస్తే వచ్చి ముందు వరుసలో కూర్చుంటా.

మీ
వనపర్తి తాత