ఛాయాచిత్రమును చదువుట

పుస్తకమును చదువుట యెట్టి విద్యయో, ఛాయాచిత్రమును చదువుటయు నట్టి విద్యయే. బొమ్మను అందరును చూతురు, చదువువారు కొందరే. ఈ భేదమును గ్రహించుటకు ఇటలీ దేశపు పాత నమూనా కార్ల చిత్రములు మంచి సాధనములని నా అభిప్రాయము.

విద్యార్థులారా! నమూనా కారనగా అమ్మకమునకు గాక, క్రొత్త రూపమును పరీక్షించుటకో ప్రదర్శనమున చూపుటకో ఒకటి రెండు మాత్రమే చేయబడిన కారు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ట్యూరిన్, మిలాన్ నగరములు ఈ పనికి మిక్కిలి పేరొందినవి. బెర్టోనే, పినిన్ ఫరీనా, గియా, విన్యాలే, జగాటో మొదలగు కర్మశాలలలో నిపుణులైన పనివారు రేకులను చేతితో సాగగొట్టి బాడీలు కట్టెడివారు. చట్రమును ఇంజనును ఒక సంస్థవి. పైనున్న బాడీ వేరొకరిది. మన దేశమున లారీ చట్రమును ఒకచోట కొని, బాడీని మరియొకచోట కట్టించుట మీరెరిగినదే. కావున ఇట్టి కారునకు ఇద్దరు కర్తలుందురు. ఒకరి పేరు చెప్పి ఊరకుండుట సగము చెప్పుటయే యగును.

పేరు వ్రాయని చిత్రమొకటి మీకు దొరికినదనుకొనుడు. తొందరపడువాడు కారు ముఖమును మాత్రము చూచి పేరు పెట్టును. నిదానించువాడు చిన్న వస్తువులను పరిశీలించును. దీపములు, చక్రపు మూతలు, తలుపు పిడులు తరచుగా అమ్మకపు కార్లనుండి తెచ్చి అమర్చినవై యుండును. చట్రము ఏ సంస్థదో అవి సూచింపగలవు. నంబరు పలకయు నొక సాక్షియే. 1994 వరకు ఇటలీ పలకలపై జిల్లా గుర్తు ఉండెడిది: టి-ఓ యన్న ట్యూరిన్, ఎం-ఐ యన్న మిలాన్. కాని పలక కారు నమోదైన చోటును తెలుపునే గాని, కట్టినవారిని తెలుపదు. స్టీరింగు కుడివైపున నున్నంత మాత్రమున చిత్రము తారుమారుగా అచ్చయినదనరాదు. ఇటలీలో బండ్లు రోడ్డునకు కుడిప్రక్కన నడచినను, లాన్సియా సంస్థ 1950 దశకపు తొలి సంవత్సరముల వరకు కుడి స్టీరింగు కార్లనే ఎక్కువగా చేసినది. పలకమీది అక్షరములు తిరుగబడినవో లేదో చూచినచో సందేహము తీరును.

ఒక్కొక్కప్పుడు తోబుట్టువుల పోలిక మోసము చేయును. ఆల్ఫా రోమియో 1900 చట్రముపై బెర్టోనే శాలలో ఫ్రాంకో స్కాల్యోనే రూపొందించిన బాట్ కార్లు మూడు కలవు. మూడింటికిని వెనుక రెక్కలున్నవి. రెక్కలు మిక్కిలి పెద్దవై లోపలికి వంగియున్నది 1954 నాటి బాట్ 7. రెక్కలు చిన్నవై, ముందుభాగమున ఆల్ఫా వారి త్రికోణపు జాలి యున్నది 1955 నాటి బాట్ 9. మిగిలినది 1953 నాటి బాట్ 5.

“పాత కారు పేరు తెలిసిననేమి, తెలియకున్ననేమి?” అని కొందరందురు. వారికి నార్స్‌మన్ కారు కథయే సమాధానము. అమెరికాలోని క్రైస్లర్ సంస్థ కోరగా గియా పనివారు దానిని ట్యూరిన్‌లో కట్టిరి. ముందు అద్దమునకు ఇరుప్రక్కల నుండవలసిన కంబములు దానికి లేవు. పైకప్పు వెనుకనుండియే నిలిచినది. దానిని ఆండ్రియా డోరియా అను ఓడలో న్యూయార్కునకు పంపిరి. 1956 జూలై 25 రాత్రి అమెరికా తీరము చేరువలో ఆ ఓడను స్టాక్‌హోమ్ అను వేరొక ఓడ ఢీకొన్నది. మరునాడు ఓడయు కారును సముద్రమున మునిగినవి. ఏ ప్రదర్శనమునకును రాని ఆ కారును మనకు చూపునవి ఛాయాచిత్రములే. ఆ చిత్రము క్రింద తప్పు పేరు పడినచో, సరిచూచుటకు కారెక్కడిది? ఆ తప్పు ఒక పుస్తకమునుండి మరియొక పుస్తకమునకు ప్రాకును. నెలల తరబడి రేకును మలచిన చేతుల కష్టము పరుల ఖాతాలో చేరును.

పొగను చూచి నిప్పును ఊహించుట న్యాయమే. కాని పొగమంచును పొగయని భ్రమించినవాని ఊహ నిలువదు. సాక్ష్యమున్నంతవరకు చెప్పి, అటుపై “తెలియదు” అనగలుగుట విద్యకు లోపము గాదు, అలంకారము. మీ యిండ్లలో పాత చిత్రములుండును. వానిలోని వారిని గుర్తింపగల పెద్దలు ఉండగనే అడిగి, వెనుక ప్రక్క పేరును సంవత్సరమును వ్రాసి యుంచుడు.