క్రూసో జేబులో బిస్కట్లు

పాతకాలం పాఠకులు అమాయకులట. యాత్రా పుస్తకం వస్తే అంతా నిజమనుకునేవారట. నవల వచ్చినా అదీ నిజమే అనుకునేవారట. ఈ మాట చాలామంది నోట విన్నాను. నేను ఒప్పుకోను. వాళ్ళలో కొందరు మనకంటే బాగా చదివారు. వాళ్ళు ఎలా చదివారో తెలిస్తే, తెలుగును కూడబలుక్కుని చదివే మనకు ధైర్యం వస్తుంది.

1719లో లండన్‌లో రాబిన్సన్ క్రూసో అచ్చయింది. పుస్తకం మీద డేనియల్ డిఫో పేరు లేదు. క్రూసో తానే రాసుకున్నాడని వేశారు. అందులో క్రూసో బట్టలు విప్పి, పగిలిన ఓడ దగ్గరికి ఈదుకుంటూ వెళ్తాడు. ఓడ ఎక్కి జేబుల నిండా బిస్కట్లు నింపుకుంటాడు. బట్టలు విప్పినవాడికి జేబులెక్కడివి? పాఠకులు ఇట్టే పట్టేశారు. అదే ఏడు చార్లెస్ గిల్డన్ అనే ఆయన డిఫోను తిడుతూ ఒక చిన్న పుస్తకం వేశాడు. ఈ జేబుల సంగతి అప్పటికే జనంలో పడిందని, తరవాతి ముద్రణలో క్రూసోకు లాగు ఉంచి సర్దుకున్నారని అందులో రాశాడు. వీళ్ళా అమాయకులు?

మోసపోయినవాళ్ళు లేరని అనను. 1704లో జార్జ్ సాల్మనాజర్ అనే అతను ఫార్మోసా ద్వీపం గురించి లండన్‌లో పుస్తకం వేశాడు. దాన్నే ఇప్పుడు తైవాన్ అంటాం. అతను ఆ దేశం ముఖం కూడా చూడలేదు. తెల్లగా ఉన్న యూరప్ మనిషి. అయినా అక్కడే పుట్టానన్నాడు. అక్కడ ఏటా 18,000 మంది మగపిల్లలను బలి ఇస్తారని రాశాడు. చాలామంది నమ్మారు. ఎందుకు? దూరదేశం వాళ్ళు క్రూరులని వినడం వాళ్ళకు ఇష్టం. జెసూట్ పాదరీలను తిట్టడం ఇంకా ఇష్టం. అతను రెండూ వడ్డించాడు. కానీ ఖగోళ శాస్త్రవేత్త ఎడ్మండ్ హేలీ ఒక చిన్న ప్రశ్న వేశాడు. అక్కడ ఎండ పొగగొట్టంలోంచి సూటిగా కిందికి పడుతుందా? కర్కటరేఖ మీద ఉన్న దేశం కదా! అబద్ధం ఎక్కడ దొరుకుతుందో ఆయనకు తెలుసు.

ఇక జేమ్స్ బ్రూస్ సంగతి. ఈయన నిజంగానే ఇతియోపియా వెళ్ళి వచ్చాడు. 1790లో ఐదు సంపుటాలు వేశాడు. బతికున్న ఆవు ఒంటి నుంచి మాంసం కోసుకుని తినడం చూశానని చెబితే లండన్ పెద్దలు నవ్వారు. తరవాత వెళ్ళిన యాత్రికులు చాలా విషయాల్లో ఆయన చెప్పింది నిజమేనన్నారు.

అంటే అబద్ధాన్ని నమ్మారు, నిజాన్ని నవ్వి కొట్టేశారు. తప్పు అమాయకత్వానిది కాదు. తమకు నచ్చిందా లేదా అని చూశారు, అంతే. వివరం చూసినవాళ్ళు మాత్రం మోసపోలేదు.

ఇప్పుడు నా అసలు తగాదా చెబుతాను. "ప్రతి మాటా ఎందుకు, భావం తెలిస్తే చాలు" అని మన పెద్దలే పిల్లలకు సలహా ఇస్తున్నారు. గుడిలో నాతో సేవ చేసేవాళ్ళూ ఇదే అంటారు. నేను ఇంగ్లీషు మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు పేజీకి నాకు అరగంట పడుతుంది. అయినా ఈ సలహా వద్దంటాను. భావం మాత్రమే చదివేవాడికి క్రూసో ఓడ కనిపిస్తుంది, జేబు కనిపించదు. మెల్లగా చదివేవాడు జేబు అనే మాట దగ్గర ఆగుతాడు. ఆగినవాడికే అనుమానం వస్తుంది. మెల్లగా చదవడం సిగ్గుపడాల్సిన పని కాదు. అలసట వస్తే పేజీలు తగ్గించండి, మాటలు వదలకండి.

మనకు ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర ఉంది. 1830లో మద్రాసు నుంచి బయలుదేరి, దారిలోని సంగతులు మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైగారికి రాశారు. 1838లో పిళ్ళైగారే అచ్చు వేయించారు. ఏ ఊరు ఎంత దూరమో, ఎక్కడ ఏమి దొరుకుతుందో అందులో ఉంటుంది. ఒక్క పేజీ తీసుకోండి. పక్కన మ్యాప్ పెట్టుకోండి. ఆ దూరం సరిపోయిందా? బోయీలు పల్లకీ మోసుకుని ఒక్క రోజులో అంత నడవగలరా? పెద్దవారి పుస్తకం కదా అని మొహమాటపడకండి. అడగండి.