సరంగు కావాలన్నా పదో తరగతి దాటాలి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలు వేటకు వెళ్లవు. పూరీ పెంటకట మొదలు గోపాల్‌పూర్ వరకు మన తెలుగు మత్స్యకారుల ఇళ్లలో ఎదిగిన పిల్లల సంగతి తేలేదీ ఈ 61 రోజుల్లోనే. చదువా, పడవా? రెండూ ఒకేదారిలో ఉన్నాయని మనం గమనించడం లేదు.

పడవ మీద అందరి పనీ ఒకటి కాదు. కళాసీ వల లాగుతాడు. ఎటు పోవాలో, వల ఎక్కడ వేయాలో, గాలి మారితే ఎప్పుడు వెనక్కి తిరగాలో సరంగు చెబుతాడు. తోటివాళ్ల ప్రాణాలకు పూచీ అతనిదే. చిన్న మరపడవ మీద ఈ పని అనుభవంతో వస్తుంది. పెద్ద చేపల నౌకల మీద మాత్రం మేట్, స్కిప్పర్ అర్హతా పత్రాలు అడుగుతారు.

అందుకు దారి ఉంది. 1963లో కొచ్చిలో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ సిఫ్‌నెట్‌కు చెన్నై, విశాఖపట్నంలో శాఖలున్నాయి. ఒడిశా, యానాం పిల్లలకు విశాఖ, తమిళనాడు పిల్లలకు చెన్నై దగ్గర. రెండేళ్ల వెసల్ నావిగేటర్, మెరైన్ ఫిట్టర్ కోర్సులకు పదో తరగతి చాలు. కానీ లెక్కల్లో, సైన్సులో విడివిడిగా 40 శాతం మార్కులు రావాలి, ప్రవేశపరీక్ష రాయాలి. నావిగేటర్ కోర్సు ముగిశాక సముద్రం మీద నిర్ణీతకాలం పనిచేసి, పరీక్షలు నెగ్గితే మేట్, ఆపైన స్కిప్పర్ కావచ్చు.

అసలు చిక్కు భాషది. బడిలో అక్షాంశం, రేఖాంశం అని నేర్చుకున్నవే చార్టు మీద, జీపీఎస్ తెర మీద ఇంగ్లీషులో కనిపిస్తాయి. రాష్ట్ర నిబంధనలు ఒడియాలో వస్తాయి. తాబేళ్ల కోసం రుషికుల్య ముఖద్వారం దగ్గర నవంబరు 1 నుంచి మే 31 వరకు వేట నిషేధం ఉంది. ఆ హద్దు దాటితే కళాసీని కాదు, సరంగునే ముందు నిలదీస్తారు.

కాబట్టి ఉపాధ్యాయులకు మా మనవి: ఎనిమిదో తరగతి నుంచే ఇలాంటి మాటలు తెలుగులో అర్థమయ్యేలా చెప్పి, ఇంగ్లీషు, ఒడియా పేర్లూ పక్కనే రాయించండి. తల్లిదండ్రులు సముద్రం సంగతులు ఇంట్లో నేర్పండి, బడి మాత్రం మాన్పించకండి. ఈ జూన్‌లో బడి తెరిచిన రోజే వెళ్లి, మీ పిల్లవాడికి లెక్కల్లో, సైన్సులో ఎన్ని మార్కులు వస్తున్నాయో అడగండి.