గృహిణీగోష్ఠి: లాప్‌టాపునకు క్రొత్త వ్యవస్థ, బ్యాటరీకి క్రొత్త చిక్కు



గతమాసపు గోష్ఠిలో బియ్యమునకు పురుగు పట్టకుండ నిలువచేయు విధమును ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున లాప్‌టాపును గూర్చి వ్రాయదలచితిని. ఇది మగవారి విషయమని పుట త్రిప్పివేయకుడు. ఇంటి ఖర్చునకును, పిల్లల చదువునకును, తుపాను రాత్రి చీకటికిని దీనితో సంబంధము కలదని నేను అనుభవముచే తెలిసికొంటిని.

మాయింట నెనిమిదేండ్లనాటి లాప్‌టాపొకటి కలదు. మావారు బడి ప్రశ్నపత్రములు దానిపైననే వ్రాయుదురు. మా యమ్మాయి పాఠములు చదువుకొనును. అందులోని విండోస్ 10కు సాధారణముగా వచ్చు రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. నమోదు చేసికొన్నవారికి మరియొక యేడాది గడువిచ్చిరి గాని, గడువు గడువే గదా! విండోస్ 11కు మా యంత్రము తగదు. క్రొత్తది కొనవలెనన్న నలువదివేలకు తక్కువ కాదని అంగడివా డనెను. ఆ సొమ్ము అమ్మాయి కాలేజీ ఫీజునకై దాచినది. దానిని ముట్టుటకు నా కెంతమాత్రమును మనసొప్పలేదు.

యంత్రము ఇల్లయినచో, ఆపరేటింగ్ సిస్టమ్ అనబడు నిర్వహణ వ్యవస్థ ఆ యింటి గృహిణి వంటిది. ఏ గదిలో దీపము వెలుగవలెనో, ఎవరి కెంత వడ్డింపవలెనో నిర్ణయించునది అదియే. విండోస్ గాక మరియొక వ్యవస్థయు కలదు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అను పేర స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు నిర్మాణమును ప్రకటించెను. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ అను కీలకభాగమును వ్రాసెను. ఈ రెండును కలిసినదే గ్నూ/లినక్స్. దీనికి వెల లేదు. పాత యంత్రములపైనను నడచును. మన తెలుగువారును వెనుకబడలేదు. హైదరాబాదులోని స్వేచ్ఛ అను సంస్థ 2005లో తెలుగు ఆపరేటింగ్ సిస్టమును వెలువరించినది. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు ఏండ్ల తరబడి దీనిపైననే నేర్చుకొనుచున్నారు.

కావున నేనే పట్టుబట్టి మా లాప్‌టాపులో లినక్స్ పెట్టించితిని. తెలుగు చక్కగా కనబడెను. యంత్రము చురుకుగా నడచెను. మావారును మెచ్చుకొనిరి. రెండు వారములు సుఖముగా గడచినవి.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురము దగ్గర తీరము దాటినది. ఆ సాయంకాలము ఆరు గంటలకే మా వీథిలో కరెంటు పోయెను. మా తమ్ముడు పిల్లలతో నాగాయలంకలో నుండెను. ఫోనులలో ఛార్జి తరిగినచో లాప్‌టాపు నుండి ఎక్కించుకొందమని ధైర్యముగా నుంటిమి. పూర్వము అది నాలుగు గంటలు నిలిచెడిది. అమ్మాయి దానిపై వ్రాసికొనుచు కూర్చుండెను. ఎనిమిదిన్నరకే తెర ఆరిపోయెను! ఫోనులు రెండును అంతకుముందే చల్లబడినవి. బయట గాలి హోరు. 1977 నవంబరు 19నాటి దివిసీమ ఉప్పెనను కన్నులార చూచిన మా యత్తగారు మంచముపై కూర్చుండి రాత్రియంతయు రామనామము జపించుచుండిరి.

“నలువదివేలు మిగిల్చితి వనుకొంటివి. ఈ రాత్రి మీ తమ్ముని క్షేమము కనుగొన దారి లేకపోయెను గదా!” అనిరి మావారు. నేను బదులు చెప్పలేకపోయితిని. వారందరును పునరావాస కేంద్రములో కుశలముగా నున్నారని మరునాటి మధ్యాహ్నమునకు గాని తెలియలేదు.

ఆ మాట నా మనసులో ముల్లువలె నాటుకొన్నది. తప్పు క్రొత్త వ్యవస్థదా, పాత బ్యాటరీదా, నాదా అని శోధింప మొదలిడితిని. బ్యాటరీని నీటికుండ యనుకొనుడు. కుండలో నెంత నీరు పట్టును? చిల్లి యెంత పెద్దది? ఈ రెండు లెక్కలే ముఖ్యము. మా బ్యాటరీ క్రొత్తలో 41 వాట్ గంటలది. ఇప్పుడు 30 మాత్రమే పట్టుచున్నది. వయసుచేత కుండయే చిన్నదైనది. ఇది ఏ వ్యవస్థయు తీర్పగల లోటు కాదు. ఇక చిల్లి మాట. పవర్‌టాప్ అను సాధనము బ్యాటరీపై నడచునపుడు ఎన్ని వాట్లు ఖర్చగుచున్నవో చూపును. మాకు 12 చూపెను. 30ని 12చే భాగించిన రెండున్నర గంటలు. పూర్వము నాలుగు గంటలు వచ్చెడి దనగా ఖర్చు ఏడున్నర వాట్లే!

కారణము వెదుకగా దొరికినది. మా యంత్రమున చిత్రములు గీయు చిప్పులు రెండు కలవు. చిన్నది నిత్యకృత్యమునకు, పెద్దది ఆటలకు. ఎవరికిని అక్కరలేకున్నను పెద్దది రేయింబవళ్లు మేలుకొనియే యుండెను. క్రొత్తకోడలు పనిమంతురాలే యైనను, పెరటిదీపపు స్విచ్చి యెక్కడనో చెప్పనిచో నది తెల్లవార్లు వెలుగును. కోడలి ననుట న్యాయమా? అమ్మాయి సెట్టింగులలో దానిని నిద్రపుచ్చెను. టిఎల్‌పి యను పొదుపు సాధనమును చేర్చెను. తెర వెలుగును సగమునకు తగ్గించెను. ఖర్చు 8 వాట్లకు దిగెను. ఇప్పుడు మూడుముప్పావు గంటలు వచ్చుచున్నది.

ఈ త్రోవ త్రొక్కదలచిన సోదరీమణులు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. ముందుగా ఫోటోలు, కాగితములు వేరొక డిస్కులోనికి ఎత్తుకొనుడు. క్రొత్త వ్యవస్థను పెన్‌డ్రైవు నుండియే నడిపించి, వైఫై, ప్రింటరు, శబ్దము సరిగా నున్నవో లేవో చూచుకొనుడు. ఇందుచే పాతది చెరగదు. పొదుపు సాధనము ఒక్కటే చాలును; ఒకే పనికి రెండు పెట్టిన ఒకదాని నొకటి చెరచును. లాప్‌టాపును పరుపుపై పెట్టి నడుపకుడు. గాలి కంతలు మూసికొని వేడెక్కును. వేడిమియే లిథియం బ్యాటరీకి పరమశత్రువు. నిత్యము ప్లగ్గులోనే యుంచువారు, యంత్రమున వీలున్నచో, ఛార్జిని నూటికి 80 దగ్గర నిలుపునట్లు అమర్చుకొనుడు. బ్యాటరీ ఉబ్బినట్లు కనబడినచో పొదుపు మాట మరచి వెంటనే వాడుక మానుడు, అది అగ్నిభయము.

నా తప్పును నేను దాచుకొనను. యంత్రమును మార్చిన నాడే బ్యాటరీపై ఒక పూట నడిపి చూచియుండిన, ఆ రాత్రి అట్టి వేదన కలిగెడిది కాదు. అన్నము ఉడికినదో లేదో మెతుకు పట్టి చూడక వడ్డింతుమా? మన తీరమున తుపాను దినములలో నింపియుంచిన పవర్‌బ్యాంకొకటి అగ్గిపెట్టె ప్రక్కనే యుండవలెనని కూడ నేర్చుకొంటిని. దాని వెల కొలదియే.

అమ్మాయి ఫీజు సకాలమున చెల్లించితిమి. మావారు ఇప్పుడు ప్రశ్నపత్రము వ్రాయుచు, “ఇంకను ఎన్ని వాట్లు?” అని నన్నే యడుగుచున్నారు. మీ యిండ్ల యనుభవములు వ్రాసి పంపుడు. వచ్చు గోష్ఠిలో ముచ్చటించుకొందము.