మీకు 'మనోడు' ఉన్నాడు, మాకు బాజీ ఏది?

చదువుకోండి అని మాకు చెప్పనివాళ్లు లేరు. జల్సాల్లో మౌలానాలు చెప్తారు. సెక్యులర్ సభల్లో ప్రొఫెసర్లు చెప్తారు. ఎలక్షన్లొస్తే లీడర్లు టోపీలు పెట్టుకొచ్చి మరీ చెప్తారు. సరే, చదివాం. పొద్దున జహీరాబాద్ బస్టాండుకు వచ్చి చూడండి. బీదర్ బస్సుకూ, సంగారెడ్డి బస్సుకూ పుస్తకాలు పట్టుకుని బురఖాల్లో నిలబడ్డ పిల్లలు మా పిల్లలే. డిగ్రీ అయ్యాక ఏమయ్యారని కూడా అడగండి. సర్టిఫికెట్లు సందూకులో ఉన్నాయి. పిల్ల కుట్టుమిషన్ ముందుంది. కాస్త నసీబున్నది ప్రైవేటు స్కూల్లో ఆయమ్మ జీతానికి టీచరమ్మగా ఉంది.

ఎందుకిట్లా అంటే మీ దగ్గర జవాబు తయారు. మీకు చొరవ లేదు, పర్దా వదలరు, ఉర్దూ వదలరు. విని విని మా చెవులు తూట్లు పడ్డాయి. లెడ్‌బై ఫౌండేషన్ అని 2019లో రూహా షాదాబ్ పెట్టిన సంస్థ ఒకటుంది. చదువుకున్న ముస్లిం ఆడపిల్లలకు, ఉద్యోగాల్లో ముందే పైకి పోయినవాళ్లను తోడుగా పెట్టడం దాని పని. 2022లో వాళ్లు ఒక లెక్క బయటపెట్టారు. ఒకే చదువు, ఒకే అర్హతలున్న రెండు దరఖాస్తులు తయారుచేసి, పది నెలల పాటు వెయ్యి ఉద్యోగాలకు పంపారు. ఒకదాని మీద ప్రియాంక శర్మ అని పేరు. ఇంకోదాని మీద హబీబా అలీ. ప్రియాంకను 208 చోట్ల నుంచి పలకరించారు. హబీబాను 103 చోట్ల నుంచి. ఇప్పుడు చెప్పండి, చొరవ తక్కువైంది ఎవరికి? హబీబాకా, ఆ కాగితం పక్కన పడేసినవాళ్లకా?

'మనోడు' అన్న మాట తెలుగులో ఉన్నంత బలంగా ఇంకే భాషలో ఉందో మాకు తెలీదు. ఆఫీసులో మనోడు ఉన్నాడు, సెక్రటేరియట్‌లో మనోడు ఉన్నాడు, ఫోన్ చేస్తే చాలు. 1918లో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ పెట్టారు, రాజాబహదూర్ వెంకటరామారెడ్డి దాని వెనక ఉన్నారు. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలకు అక్కడ అన్నమూ చాపా దొరికాయి, పట్నంలో ఎవర్ని కలవాలో తెలిసిన పెద్దలూ దొరికారు. తప్పంటున్నామా? లేదు. ఆ తర్వాత ఎన్ని కులాలకు ఎన్ని హాస్టళ్లు, ఎన్ని సంఘాలు! వాటిని ఎవరూ మతతత్వం అనలేదు. ఇప్పుడు కంపెనీలు దానికే మెంటరింగ్ అని పేరుపెట్టి జీతాలిచ్చి నడుపుతున్నాయి. మా పిల్లలు పదిమంది ఒక గదిలో కూచుంటే మాత్రం, సెక్యులర్ మిత్రులారా, మీకు నుదురు ముడిపడుతుంది. 'మళ్లీ వేరుగా ఎందుకమ్మా?' అంటారు. కలుపుకున్నది ఎప్పుడు గనక, వేరుపడడానికి?

2006లో సచార్ కమిటీ చెప్పింది కదా, దేశంలో మేం 13.4 శాతం, ఐఏఎస్‌లలో 3 శాతం. అందులో ఆడవాళ్లెందరో వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. మా పిల్ల ఎవరికి ఫోన్ చెయ్యాలి?

నౌకరీ దొరకడం సగమే. దొరికినచోట పదేళ్లు అదే కుర్చీలో ఉండిపోతుంది మా మనిషి. డిపార్ట్‌మెంటల్ టెస్టులు రాస్తే తప్ప ప్రమోషన్ రాదని పక్క కుర్చీ ఆమెకు ఇంట్లో మామయ్య చెప్తాడు. మా ఇంట్లో ఆ కబురు తెచ్చేవాళ్లే లేరు. ఇంటర్వ్యూలో 'పెళ్లెప్పుడు, బురఖా తీస్తావా' అని అడిగితే ఏడవకుండా ఏం చెప్పాలి? హైదరాబాద్‌లో పేరు వినగానే గది లేదనని ఇల్లు ఏ గల్లీలో ఉంది? ఉర్దూ మీడియం పిల్ల తెలుగులో అర్జీ ఎట్లా రాయాలి? రాత్రి ఏడింటికి ఇల్లు చేరితే అబ్బాకు ఏమని నచ్చచెప్పాలి? ఇవి ఏ పుస్తకంలోనూ ఉండవు. ఆ దారిన పోయి వచ్చిన బాజీ నోట్లోనే ఉంటాయి.

సర్కారు చేయలేదా అంటారు. చేసింది. మైనారిటీ ఆడవాళ్లను నాయకురాళ్లను చేస్తామని కేంద్రం 2012-13లో 'నయీ రోష్నీ' పెట్టింది. ఆరు రోజుల ట్రైనింగ్! ఆరు రోజుల్లో పచ్చడి కూడా ఊరదు. తెలంగాణ 2016 నుంచి మైనారిటీ గురుకులాలు తెరిచింది, 204 అయ్యాయి. మంచిదే. ఆ పిల్లలు గేటు దాటాక చెయ్యి పట్టుకునేదెవరు? పైచదువుకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022లో కేంద్రం ఆపేసింది కూడా.

సంఘం అంటే ఏమిటో మేం దూరం పోయి నేర్చుకోనక్కర్లేదు. ఊరి పక్కన పస్తాపూర్ ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచీ అక్కడ పేద దళిత ఆడవాళ్లతో సంఘాలు కట్టింది. మాచ్‌నూర్‌లో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. మైకు ముందు కూచున్నది జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ. ఏ దొర కొడుకూ వచ్చి వాళ్లకు బదులు మాట్లాడలేదు. కాకపోతే వాళ్ల సంఘాలు భూమి మీద, విత్తనం మీద నిలబడ్డాయి. మాకు భూమి లేదు. మాకున్నది సందూకులోని ఆ సర్టిఫికెట్టే, దాని మీదే నిలబడాలి.

బేగంల చాయ్ పార్టీ మాకొద్దు. సుగ్రా హుమాయూన్ మీర్జా హైదరాబాద్‌లో ఆడవాళ్ల అంజుమన్ నడిపింది, 1934లో సఫ్దరియా స్కూలు పెట్టింది. ఆమెకు సలాం. కానీ కస్బాలో సైకిల్ షాపాయన బిడ్డకూ, ఖురేషీ బిడ్డకూ, దూదేకుల బిడ్డకూ కావలసింది అదే గల్లీలోంచి బస్సెక్కి పోయిన నర్సమ్మ, టీచరమ్మ, బ్యాంకు క్లర్కు. ఆ బాజీలు ఉన్నారు. ఉద్యోగం రాగానే పట్నంలో ఇల్లు తీసుకుని ఈ గల్లీ పేరెత్తరు. వాళ్లనూ అడుగుతున్నాం: నెలకొక ఆదివారం ఇవ్వలేరా?

ఇక మా పెద్దమనుషులు. ఖదీజా బీబీ వ్యాపారం చేసిందని వాజ్‌లో చెప్తారు. ఆ సరుకు మోసుకుపోయి అమ్మింది ఎవరో కూడా కళ్లు తుడుచుకుంటూ చెప్తారు. ఇంటికొచ్చి కూతుర్ని 'నౌకరీ ఎందుకు బేటీ' అంటారు. జల్సాకు షామియానా చందా ఒక్కరోజులో లేస్తుంది, ఆడపిల్లలు కూచునే గదికి కిరాయి మాత్రం లేవదు. గది ఇవ్వండి. స్టేజీ మీద మీకు కుర్చీలు వెయ్యం, ఎందుకంటే స్టేజీ ఉండదు. మీరు చెయ్యదగ్గ పని ఇంకొకటుంది. ఆ ఆదివారం రెండు గంటలు ఇంట్లో పిల్లల్ని పట్టుకుని, పొయ్యి మీద అన్నం చూసుకోండి.