తెగేది తీగెలోనా, గాలిలోనా?

మన సంచికలో దేశసమస్యల మీద వ్యాసాలకు కొదవ లేదు. నేను మా ఇంటి సమస్య ఒకటి విన్నవించుకుంటాను. చిన్నదే అయినా అందులో మనకో పాఠం ఉందని నా అభిప్రాయం.

మాది కృష్ణపట్నం. పొద్దుగూకితే మా నాయన కంప్యూటరు ముందు కుర్చీ వేసుకుని ఇంటర్నెట్‌లో ఆకాశవాణి విజయవాడ కేంద్రం వింటాడు. మొన్న వాయుగుండం రోజుల్లో ఆ రేడియో మాటమాటకీ తెగడం మొదలెట్టింది. ‘బంగాళాఖాతంలో...’ అని ఆగుతుంది. మళ్లీ పలికేసరికి ‘వేటకు వెళ్లరాదు’ అంటుంది. ఎక్కడ, ఎన్నాళ్లు అన్నది మింగేస్తుంది. “ఏందిరా అబ్బయ్యా, వార్తలు కూడా కంతుల మీద ఇస్తున్నారా?” అన్నాడు నాయన. ఇరుగుపొరుగు అందరిదీ ఒకే తీర్పు: స్పీడు చాలదు, ఖరీదైన ప్లాను తీసుకోండి. నాయన డబ్బు లెక్కపెట్టుకున్నాడు కూడా.

ఇక్కడే నాకు పేచీ. ఇంటర్నెట్ రేడియోకి సాధారణంగా సెకనుకు 64 నుంచి 128 కిలోబిట్లు చాలు. 64 అయితే గంటసేపు విన్నా 30 మెగాబైట్లు నిండవు. కావలసింది వేగం కాదు, నిలకడ. కంప్యూటరు వచ్చే శబ్దాన్ని కొంత ముందుగా దాచుకుని వినిపిస్తుంది; దాన్నే బఫర్ అంటారు. ఇంట్లో నీళ్ల తొట్టి లాంటిదే. కుళాయి కాసేపు ఆగినా తొట్టి ఆదుకుంటుంది. మరీ ఆగితే అడుగంటుతుంది. అప్పుడే మాట తెగుతుంది.

మరి కుళాయి ఆగుతున్నదెక్కడ? ఒక్కొక్కటే పరీక్షించాను. వేరే కేంద్రం పెట్టాను, అదీ తెగింది. విజయవాడనే సెల్‌ఫోను డేటాతో విన్నాను; శుభ్రంగా పలికింది. అంటే తప్పు కేంద్రానిది కాదు. వైఫై మాని రూటరుకీ కంప్యూటరుకీ తీగె కలిపాను, తెగలేదు. అంటే బయటి లైనూ మంచిదే, కంప్యూటరూ మంచిదే. దోషం మా నాలుగు గోడల మధ్య గాలిలో! చూస్తే ఏముంది, ఉప్పుగాలి తగలకుండా మా అమ్మ రూటరుని ఇనప బీరువా వెనక భద్రపరిచింది. ఇనుము వైఫైకి అడ్డుగోడ. బయటికి తీసి గోడకి ఎత్తుగా తగిలించాం. నాయన డబ్బు జేబులోనే మిగిలింది.

తప్పెక్కడుందో తేల్చకుండా డబ్బు గుమ్మరించడం మనకు అలవాటైపోయింది. ఒక్కొక్క అనుమానాన్నీ తీసేసుకుంటూ అసలు దోషి దగ్గరికి వెళ్లడం నేర్పని చదువు ఎందుకు, చెప్పండి?

ఇంకొక్క మాట. ఇంటర్నెట్‌లో వినేవాళ్లు ఒక్కొక్కరికీ వేరువేరుగా ధార పంపాలి. ప్రసారానికి ఆ బాధ లేదు; ఒకరు విన్నా లక్షమంది విన్నా అంతే. తుపాను రాత్రి కరెంటు పోతే రూటరు మూగబోతుంది. రెండు బ్యాటరీల ట్రాన్సిస్టరు పలుకుతుంది. నెల్లూరులో ఆకాశవాణి ఎఫ్.ఎం. కేంద్రం 2022లో వచ్చింది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన సంగతి విన్న తీరవాసులకు ఇంతకంటే చెప్పాలా?

అందుకే మా ఇంట గోడకి రూటరు, కిటికీలో ట్రాన్సిస్టరు. మరి మీ ఇంట?